ఆమెకు రావాల్సిన ఉత్తరాలు

లైబ్రరీలో ఇరవై ఏళ్ళు పనిచేశానంటే చాలామంది నావైపు జాలిగా చూస్తారు. అక్కడ దుమ్ము దులపడం తప్ప ఏం జరుగుతుందని వాళ్ళ ఉద్దేశం. నిజానికి దుమ్ము దులిపే పని నాకెవరూ ఇవ్వలేదు. వర్జీనియాలో, షాంటిలీకి పది నిమిషాల దూరంలో ఉన్న ఒక చిన్న పబ్లిక్ లైబ్రరీ బ్రాంచిలో ముందు కౌంటర్ దగ్గర కూర్చునేదాన్ని. ఆ బ్రాంచి పేరు చెప్పను. తప్పు చేసింది నేను, మధ్యలో దాన్నెందుకు బజారుకెక్కించడం?

ఈమధ్య మన పిల్లలు కొందరు లైబ్రరీల్లో, క్లినిక్‌ల ముందు గదుల్లో, స్కూల్ ఆఫీసుల్లో చేరుతున్నారు. వచ్చినవాళ్ళ చేత ఫారాలు నింపించే ఉద్యోగాలు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఒక ఫారంలో ఒక్క గడి నా ఇష్టం వచ్చినట్టు నింపి, ఒక అమ్మాయికి తనదంటూ ఉన్న ఒకే ఒక్క దాన్ని ఎలా పాడుచేశానో చెబుతాను.

నాకు కుతూహలం ఎక్కువ. మా అత్తగారు దాన్ని ముక్కు దూర్చడం అనేవారు, మా ఆయన ఆరా అంటారు. కౌంటర్ మీదికి వచ్చిన ప్రతి పుస్తకం వెనక ఒక మనిషి ఉంటాడు కదా, ఈ మనిషికి ఈ పుస్తకం ఎందుకు కావాల్సి వచ్చిందో అని నా బుర్ర ఊరుకునేది కాదు. డెబ్బై ఏళ్ళాయన మోటార్ సైకిల్ రిపేర్ పుస్తకం తీసుకెళ్తే ఆ రోజంతా నాకు అదే ధ్యాస. కానీ మా ఉద్యోగంలో మొదటి రోజే నేర్పే నియమం ఒకటుంది. ఎవరు ఏం చదువుతున్నారో మూడో మనిషికి చెప్పకూడదు. తల్లికి చెప్పకూడదు, మొగుడికి చెప్పకూడదు, కోర్టు కాగితం లేకపోతే పోలీసులకి కూడా చెప్పకూడదు. పుస్తకం తిరిగి ఇచ్చేయగానే ఎవరు తీసుకెళ్ళారన్న ఆనవాలు మా కంప్యూటర్లోంచి కూడా చెరిగిపోతుంది. మా బ్రాంచి పెద్దావిడ, అరవైకి దగ్గరపడిన అమెరికన్, ఈ నియమం విషయంలో మహా గట్టి మనిషి. ఒకసారి ఒక తండ్రి వచ్చి తన కూతురు ఏం చదువుతోందో చెప్పమని గొడవ చేస్తే, ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి, "మీ అమ్మాయినే అడగండి" అన్న మాట తప్ప ఇంకో మాట అనలేదు. నేను పక్కనే నిలబడి గర్వంతో ఉబ్బిపోయాను. అలాంటిదాన్ని.

మా వైపు అపార్ట్‌మెంట్లలో మనవాళ్ళు చాలామంది. శనివారం వస్తే కొత్తగా దిగిన జంటలు లైబ్రరీ కార్డు కోసం వచ్చేవి. ఆయనకి ఆఫీసు బ్యాడ్జ్, ఆమెకి ఇంకా వాడిపోని గోరింటాకు. తెలుగు మాట వినగానే వాళ్ళ మొహాలు వికసించేవి. "మీరు తెలుగా ఆంటీ!" అనేవారు. అక్కడి నుంచి నేనే వాళ్ళ లోకల్ గార్డియన్‌ని. ఫారం కూడా నేనే నింపేసేదాన్ని. పేరు, అడ్రసు, పుట్టిన తేదీ ఆమెవి రాసేదాన్ని. ఈమెయిల్, ఫోన్ గడి వచ్చేసరికి తలెత్తి ఆయన వైపు తిరిగేదాన్ని. ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. ఆమెకి ఇంకా ఇక్కడి ఫోన్ నంబరు ఉండేది కాదని మొదట్లో అలా మొదలైంది. తర్వాత తర్వాత ఉందో లేదో అడగడం కూడా మానేశాను. ఇండియాలో ఫలానావారి భార్య అని రాస్తూ పెరిగిన చెయ్యి కదా, దాని దారి దానికి తెలుసు.

ఆ వరంగల్ అమ్మాయి కార్డు కూడా అలాగే రాశాను. భర్త ఉద్యోగం మీద భార్యకిచ్చే హెచ్-ఫోర్ వీసా మీద వచ్చింది. పక్కన భర్త, పొడుగ్గా, మెత్తగా మాట్లాడే కుర్రాడు. ఫారం నింపుతున్నంతసేపూ ఆమె మా దగ్గర కాదు, వెనక అరల వైపు చూస్తోంది. నాకు బాగా గుర్తు.

రెండు వారాల తర్వాత ఒక మంగళవారం పొద్దున తనొక్కతే వచ్చింది. నడిచి వచ్చింది. మా వైపు సగం దారికి ఫుట్‌పాత్ ఉండదు, గడ్డిలోంచి రావాలి. బూట్లకి బురద. కౌంటర్ దగ్గరికి వచ్చి, చుట్టూ చూసి, మెల్లగా అడిగింది.

"ఆంటీ, నైన్టీన్త్ సెంచరీ షార్ట్ స్టోరీస్ కావాలె. ఆడోళ్ళయి. పెళ్ళైనోళ్ళయి."

నేను కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాను. మన కొత్త కోడళ్ళు సాధారణంగా అడిగేవి డ్రైవింగ్ పుస్తకం, ఇంటర్వ్యూ పుస్తకం, మరీ అయితే వంటల పుస్తకం. ఇది కొత్తది.

"ఎందుకమ్మా?" అన్నాను. అడగకూడదు. అడిగేశాను.

ఆమె ఎం.ఏ. ఇంగ్లీషు చదివిందట. అందులో ఒక పేపరు ఆ కాలపు కథల మీద. "కథలు చదవలేదాంటీ. ఎవరూ చదవలే. గైడ్ ఉంటది గద. 'వైవాహిక జీవితంలో స్త్రీ స్వేచ్ఛాకాంక్ష' అని ఒక క్వశ్చన్. పది మార్కులు. ఆన్సర్ బట్టీ పట్టి రాసిన. కాలేజ్ ఫస్ట్ వచ్చిన." నవ్వింది. "ఇప్పుడు పొద్దంత ఇంట్లనే ఉంట గద. ఒకరోజు గిన్నెలు కడుగుతుంటే ఆ ఆన్సర్ మొత్తం యాదికొచ్చింది. ఫుల్‌స్టాప్‌లతోని సహా. కాని ఆ ఆడోళ్ళకి అసలు ఏం గావాలెనో మాత్రం నాకు తెల్వది. స్వేచ్ఛ, స్వేచ్ఛ అని రాసిన. అంటే ఏంది? పొద్దున లేచి ఏం చేద్దామనుకున్నరు వాళ్ళు?"

ఇరవై ఏళ్ళలో నన్ను అడిగిన ప్రశ్నల్లో ఇంత మంచిది ఇంకొకటి లేదు. నాకు లోపల దీపం వెలిగింది. మా దగ్గర ఉన్నవి రెండే రెండు సంకలనాలు. మిగతావి వేరే ఊళ్ళ లైబ్రరీల నుంచి తెప్పించాలి. ఆమె పేరు మీద వరసగా రిజర్వేషన్లు పెట్టేశాను. అలా పెట్టిన పుస్తకం రాగానే కంప్యూటరే ఒక ఈమెయిల్ పంపుతుంది, ఫలానా పుస్తకం వచ్చింది, వచ్చి తీసుకోండి అని. గడువు దగ్గరపడితే ఇంకొకటి పంపుతుంది. ఈమెకి ఆ మెయిళ్ళతో పని పడలేదు. ప్రతి మంగళవారం వచ్చి నన్నే అడిగేది, నేను తీసి ఇచ్చేదాన్ని. మెయిళ్ళు వెళ్తున్నాయన్న సంగతే ఆమెకి తెలియదు. నాకు తెలుసు. తెలిసీ ఎటు వెళ్తున్నాయో ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆమె దగ్గర ఒక చిన్న నోట్‌బుక్ ఉండేది. ప్రతి కథకీ ఒక పేజీ. పైన కథ పేరు, కింద ఒకటే ప్రశ్న, ఈమెకేం కావాలె. ఆ జవాబు గైడ్‌లో లాగా ఉండకూడదని నియమం పెట్టుకుంది. స్వేచ్ఛ, ఆత్మగౌరవం లాంటి మాటలు నిషేధం. చేత్తో ముట్టుకోగలిగేదో, గడియారంలో కొలవగలిగేదో అయ్యుండాలి.

మంగళవారాలు పది గంటలకి జనం ఉండరు. నా పది నిమిషాల విరామం ఆమె బల్ల దగ్గరే గడిచేది. ఇంట్లో ఆ కథలు నేనూ చదివేదాన్ని, లేకపోతే ఆమెతో మాట్లాడేదెలా? ఒక కథలో ఒక రైతు భార్య, భర్త సంతకి వెళ్ళిన రోజు మాత్రం బల్ల మీద ఒకటే ప్లేటు పెట్టుకుని, కూర్చుని, మెల్లగా తింటుంది. అంతే కథ. నోట్‌బుక్‌లో ఏం రాసిందంటే, వేడి అన్నం. వాళ్ళు తినేది బ్రెడ్డు కదమ్మా అంటే, "అయితే ఏందాంటీ, వేడిది గద" అంది. ఇంకో కథలో ఒకావిడ కుట్టుపని గదికి లోపలి వైపు గడియ కావాలంటుంది. భర్త నవ్వి, గడియ బదులు ఖరీదైన కుట్టు మిషన్ కొనిస్తాడు. మేమిద్దరం ఆ పది నిమిషాలూ ఆ మిషన్‌నే తిట్టిపోశాం.

మాకు తెగ నచ్చింది ఉత్తరాల కథ. రచయిత్రి పేరు కూడా లేదు, ఏదో పాత పత్రికలోంచి తీసి వేశారు. ఒక మంచి భర్త. నిజంగానే మంచివాడు. ఇంటికొచ్చిన ఉత్తరాలన్నీ పొద్దున కాఫీ దగ్గర తనే విప్పుతాడు. భార్యకి వచ్చినవి కూడా. చదివి, బాగున్న వాక్యాలు ఆమెకి పైకి చదివి వినిపించి, తర్వాత ఇస్తాడు. ఎప్పుడూ కోప్పడడు. ఒక చలికాలం ఆమె తెల్లారకముందే మంచులో నడుచుకుంటూ పోస్టాఫీసుకి వెళ్ళి, చెల్లెలి ఉత్తరం తనే తెచ్చుకుంటుంది. విప్పదు. రోజంతా జేబులో పెట్టుకుని పనులు చేసుకుంటుంది. విప్పిందో లేదో కథలో చివరిదాకా చెప్పరు.

"ఇంత కష్టపడి తెచ్చుకుని విప్పకపోవడమేంటి?" అన్నాను. నేనయితే దారిలోనే విప్పేదాన్ని.

"విప్పితే అయిపోతది గదాంటీ. ఆమెకి ఉత్తరం చదవాలని లేదు. ఆయనకంటె ముందు తన చేతుల ఉండాలె, అంతే." నోట్‌బుక్‌లో రాసుకుంది. మడత విప్పని కాగితం, ఒక రోజు.

"పైగా ఆయన మంచోడట! మంచితనం కాల్చుకు తినడానికా?" అన్నాను నేను, మహా తెలివైనదాన్ని లాగా. "పక్కమనిషి ఉత్తరం విప్పకూడదన్న ఇంగితం లేని మంచితనం."

ఆ మాట అన్న చోటు కూడా గుర్తే. నా కుర్చీలోంచి చూస్తే మా కౌంటర్ మీది కంప్యూటర్ కనబడుతోంది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె భర్త వచ్చాడు. ఒక్కడే. మెడలో బ్యాడ్జ్, చేతిలో కారు తాళాలు. లంచ్ టైంలో వచ్చినట్టున్నాడు. నా ముందు నిలబడి, ఏం చెప్పాలో తెలియక తాళాలు ఇటూ అటూ తిప్పాడు.

"ఆంటీ, మీరు ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుత. మా మిసెస్ నన్ను ఇడిచిపెట్టి పోతదా?"

నేను కౌంటర్ మీది కాగితాలు పక్కకి జరిపాను.

"అంటే... ఈ బుక్స్ చూసి అడుగుతున్న." ఫోన్ తీసి చూపించాడు. వరసగా ఈమెయిళ్ళు. మా లైబ్రరీవే. ఆమె తెప్పించుకున్న ప్రతి పుస్తకం పేరూ ఉంది, ఏ రోజు వచ్చిందో ఉంది. "ఫస్ట్ ఏదో టైంపాస్ అనుకున్న. తర్వాత ఒక్కొక్కటి ఆన్‌లైన్‌ల వెతికి చదివిన. ఆఫీస్ మీటింగ్‌లల్ల కూసోని చదివిన ఆంటీ. ఏ కథల చూసినా ఎండింగ్‌ల ఆమె చచ్చిపోతది, లేకుంటే పిచ్చి లేస్తది, లేకుంటే ఇల్లిడిచి పోతది. ఒక్కటంటె ఒక్కదాంట్ల హ్యాపీగ లేదు. నేను ఏం తప్పు చేసిన?"

నవ్వు రావలసిన మాటే. ఆ కుర్రాడి మొహం చూస్తే నవ్వలేం. కానీ నాకు ఆ మొహం కూడా సరిగా కనబడలేదు. నా కళ్ళు ఆ ఫోన్ తెర మీదే ఉన్నాయి. ఆ మెయిళ్ళు అతనికి ఎందుకు వెళ్తున్నాయో నాకు తక్షణం అర్థమైంది.

"అవి మీరు చదవకూడదు" అన్నాను.

"నాకే వస్తయి గదాంటీ. నేనేం వెతుక్కోని పోలె." అదీ నిజమే. "ఆమెకి ఏం కావాలె ఆంటీ? మీకు చెప్పిందా?"

"ఆమెనే అడగొచ్చుగా బాబూ."

"అడిగితే నేను చదువుతున్న అని తెలుస్తది గద" అన్నాడు దీనంగా.

ఆ క్షణంలో చెప్పవలసింది ఒక్క ముక్క. ఆ ఈమెయిల్ గడి నేను పొరపాటున నింపాను, ఇవాళే తీసేస్తాను, ఆమెకి నేనే చెబుతాను అని. చెప్పలేదు. ఏదో గొణిగాను. పుస్తకాలు చదివినంత మాత్రాన ఎవరూ ఎక్కడికీ పోరు అన్నాను. అతను కొంచెం తేలికపడి వెళ్ళాడు. నేను పడలేదు.

మా పెద్దావిడ గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. మొదట, ఎవరైనా ఇలా పొరపాటు చేస్తే ఏం చేయాలి అని మొదలుపెట్టాను. ఆవిడ కళ్ళద్దాల మీదుగా చూసింది. "నువ్వేం చేశావో చెప్పు" అంది. చెప్పాను. నేను మన సంప్రదాయం గురించి వివరించబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడే మార్చు. ఆమెకి చెప్పు. రెండూ చెయ్యాలి. ఒకటి చేస్తే చాలదు."

మొదటిది అయిదు నిమిషాల్లో చేశాను. రెండోది మంగళవారానికి వాయిదా వేశాను. మంగళవారం ఆమె వచ్చింది. ఆ రోజు మహా సంతోషంగా ఉంది. కొత్త పుస్తకంలో ఒకావిడ ఒక మధ్యాహ్నమంతా వాన చూస్తూ కూర్చుంటుందట, ఎవరూ ఏం చేస్తున్నావని అడగరట. "ఒక మధ్యాహ్నం, ఎవరూ అడగంది!" అని రాసి, నాకు చూపించింది. అప్పుడు ఎలా చెప్పను? వచ్చే వారం చెబుదాం అనుకున్నాను. వచ్చే వారం కూడా అనుకున్నాను. మెయిళ్ళు ఆగిపోయాయి కదా, ఇంక నష్టమేముందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పిల్లలూ, మీ తప్పు మీరు చడీచప్పుడు లేకుండా దిద్దేసుకోగలిగినప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండండి.

మూడో మంగళవారం ఆమె రాలేదు. నాలుగోది కూడా రాలేదు. పది గంటలకి తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి చూశాను. అయిదో మంగళవారం వచ్చింది, భుజాన బరువైన సంచీతో. పుస్తకాలన్నీ ఒక్కొక్కటే కౌంటర్ మీద పెట్టింది. కొన్నిటికి ఇంకా గడువుంది. ఆఖర్న కార్డు పెట్టింది.

"ఇది క్యాన్సిల్ చేయండి ఆంటీ."

"కూర్చో తల్లీ."

"కూసోను." అయినా కూర్చుంది. కళ్ళు ఎర్రగా లేవు. ఏడ్చే దశ దాటిపోయినట్టుంది. "ఆయనకి అన్నీ తెలుసట ఆంటీ. మొదటి బుక్ నుంచి. లైబ్రరీ మెయిల్స్ ఆయనకి వచ్చేటివట. మధ్యల ఆగిపోయినయని, నేనే తీసేయించిన అనుకోని, ఏం దాస్తున్నవ్ అని అడిగిండు. అప్పుడు బయటపడ్డది."

"తిట్టాడా?"

"తిడితే బాగుండు." నవ్వబోయింది, రాలేదు. "డిస్కస్ చేస్తున్నడాంటీ! రోజు రాత్రి అన్నం తినుకుంట కథల మీద డిస్కషన్. ఆ ఉత్తరాల కథల హస్బెండ్ పాపం చెడ్డోడు కాదు అంటడు. నీకు కుట్టు మిషన్ కావాల్నా అంటడు. వీకెండ్ మనిద్దరం కలిసి చదువుదామంటడు. మంచిగనే అంటున్నడు. నాకు ఏం అనాల్నో తెలుస్తలేదు." కార్డుని వేలితో నావైపు తోసింది. "ఈ దేశంల నా పేరు మీద ఏం లేదాంటీ. వీసా ఆయనది, ఇల్లు ఆయనది, ఫోన్ ప్లాన్ ఆయనది. ఇదొక్కటే నాది అనుకున్న. మంగళవారం, ఈ బల్ల, ఈ కథలు. చూస్తే అండ్ల కూడ ఆయన ముందే వచ్చి కూసోని ఉన్నడు."

నేను ఆ కార్డు చేతిలోకి తీసుకున్నాను.

"అన్నిటికంటె ఎక్కువ ఏం బాధంటే," అంది, "అబద్ధం చెప్తున్నడు. నా మెయిల్ పెట్టమని నేను అనలే, అదెట్ల వచ్చిందో యాదికి లేదు అంటడు. మరెవరు పెడ్తరాంటీ? దయ్యమా? ఇప్పుడు ఆయన ఏం చెప్పినా నమ్మబుద్ధి అయితలేదు."

అక్కడ ఊరుకోవచ్చు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం ఊరుకుందామనే అనిపించింది. కార్డు రద్దు చేస్తాను, ఆమె వెళ్ళిపోతుంది, నాకు ఉద్యోగంలో మిగిలింది రెండేళ్ళు. ఆ ఇంట్లో మాత్రం ఒక నిజం చెప్పిన మనిషి అబద్ధాలకోరుగా మిగిలిపోతాడు, ఈ పిల్ల అలాంటివాడితో కాపురం చేస్తున్నాననుకుంటూ బతుకుతుంది.

"ఆయన నిజమే చెబుతున్నాడమ్మా. ఆ దయ్యాన్ని నేనే" అన్నాను.

అన్నీ చెప్పాను. ఫారం, గడి, అతను లంచ్ టైంలో రావడం, నేను తీసేయడం, రెండు మంగళవారాలు నోరు మూసుకోవడం. ఆమె మొహంలో కోపం కోసం చూశాను, కనబడలేదు. అక్కడ ఉన్నది కథలు చదివేటప్పటి చూపే. నన్ను కూడా ఒక పేజీలాగా చూస్తోంది.

"ఎందుకు రాసిన్రు?"

"అలవాటు."

"నన్ను అడిగిన్రా?"

"లేదు."

"నేను పక్కనే ఉన్న గదాంటీ."

"ఉన్నావు. ఆయన వైపు తిరిగి అడిగాను."

ఇంకో ప్రశ్న వేసింది. "ఇంకెంతమందివి ఇట్ల రాసిన్రు?"

నాకు అప్పటిదాకా తట్టలేదు సుమా! ఒక్క ఆమెకే అన్యాయం చేశాననుకుంటున్నాను. ఎన్ని శనివారాలు, ఎన్ని జంటలు, ఎన్ని గోరింటాకు చేతులు. లెక్క తెలియదన్నాను.

"మీ ఈమెయిల్ ఎవరి పేరు మీద ఉంటది ఆంటీ?" అంది అప్పుడు.

తల కొట్టేసినట్టయింది. ఆఫీసుది కాక నాకు ఈమెయిల్ లేదు. ఇంట్లో ఒకటే ఉంది, మా ఆయన పేరు మీద. మా చెల్లెలు రాసినా దానికే రాస్తుంది. ఆయన చదివి, "మీ చెల్లెలికి మోకాలి నొప్పిట" అని నాకు చెబుతారు. కాగితం ఉత్తరాల రోజుల నుంచీ, ముప్ఫయి ఏళ్ళుగా అంతే. ఆ ఉత్తరాల కథ చదివి నోరు పారేసుకున్నదాన్ని, నా ఇంట్లో మడత విప్పని కాగితం ఒక్కటి కూడా నా చేతికి రాలేదని గమనించనే లేదు. ఆ మాటే ఆమెకి చెప్పాను. ఆమె నోట్‌బుక్ తీస్తుందేమో అనుకున్నాను. తీయలేదు. మొదటిసారి ఆమె నావైపు జాలిగా చూసింది.

పాత కార్డు రద్దు చేసి, కొత్త ఫారం ఆమె ముందుకి తోశాను, పెన్ను కూడా. ఆమె తనే నింపింది. ఈమెయిల్ గడి దగ్గర ఆగి ఆలోచించి, అడ్డంగా ఒక గీత గీసింది. ఫోన్ గడిలో కూడా గీతే. "బుక్ వచ్చిందో లేదో నేనే వచ్చి అడుగుత" అంది.

"సరేనమ్మా."

"ఇంకొకటి ఆంటీ. మీరు కూడా అడగొద్దు. ఏం చదువుతున్న, ఏం రాసుకుంటున్న, ఏదీ."

అంతకన్నా ఆ ఉద్యోగం పోయినా బాగుండుననిపించింది. ఆ మంగళవారం పది నిమిషాల కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. అయినా సరేనన్నాను. అనక ఏం చేస్తాను?

ఆ తర్వాత నాలుగు వారాలు నేను పాత కార్డులన్నీ వెతికి, ఒక్కొక్క అమ్మాయికీ స్వయంగా చెప్పాను. ఫోన్ భర్తదయితే, ఆమెకి ఇవ్వమని అడిగి, ఆమెతోనే మాట్లాడాను. మా పెద్దావిడ నా ఫైల్లో ఒక మందలింపు కాగితం పెట్టింది, ఆ మధ్యాహ్నమే నాకు టీ కూడా తెచ్చి ఇచ్చింది. చాలామంది, "ఆయనదే ఉండనీయండి ఆంటీ, ఏమైతది" అన్నారు. అన్నది వాళ్ళే కాబట్టి అలాగే ఉంచాను. ఒకమ్మాయి మాత్రం చాలా చిన్న గొంతుతో, "మార్చొచ్చా?" అంది. "అలా కూడా మార్చొచ్చా?" అని మళ్ళీ అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో నేనూ సొంతంగా ఒక ఈమెయిల్ తెరిచాను. మా ఆయన, "ఎవరికి రాస్తావు?" అన్నారు. ఇంకా తెలియదన్నాను. పాపం ఒక వారం అన్నం సరిగా తినలేదు.

వరంగల్ అమ్మాయి మంగళవారాలు మానలేదు. నేను రిటైరయ్యేదాకా వస్తూనే ఉంది. పుస్తకాలు కౌంటర్ మీదికి తెచ్చేది కాదు, మనుషులతో పని లేని మెషీన్ దగ్గర తనే తీసుకుని, తనే తిరిగి ఇచ్చేసేది. బయటి ఊరి నుంచి వచ్చినవాటికి కాగితం చుట్టి ఉంటుంది, నేను పుస్తకం పేరు చూడకుండా వెనక్కి తిప్పి ఇచ్చేదాన్ని. ఆ ప్రశ్నకి ఆమెకి జవాబు దొరికిందో, అసలు ఆ కథలే చదువుతోందో, వాటిని వదిలేసి ఇంకెక్కడికి వెళ్ళిందో నాకు తెలియదు. ఎదురుపడితే, "బాగున్నరా ఆంటీ" అనేది, "బాగున్నానమ్మా" అనేదాన్ని. నాలిక చివరిదాకా వచ్చిన ప్రశ్నలు ఎన్ని మింగానో నాకే తెలుసు.

నా ఆఖరి నెలలో ఒక మంగళవారం పెద్ద వాన పట్టుకుంది. ఆమె కిటికీ దగ్గర బల్ల మీద చదువుకుంటోంది. చదువుతూ చదువుతూ పైకే నవ్వింది. లైబ్రరీ అంతా వినబడేలా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ నవ్వింది. ఏముందో ఆ పేజీలో అని నా కాళ్ళు వాటంతటవే రెండడుగులు వేశాయి. అప్పుడే తలుపు తీసుకుని ఆమె భర్త వచ్చాడు, వానలో ఆమె నడిచి రాకూడదని తీసుకెళ్ళడానికి. తడిసిన గొడుగు పట్టుకుని నా పక్కన నిలబడి, ఆమె నవ్వడం చూశాడు. నావైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. తెలియదని తల అడ్డంగా ఊపాను. నిజంగానే తెలియదు కాబట్టి ఆ జవాబు చెప్పడం తేలికైంది. అతను ఆమె దగ్గరికి వెళ్ళబోయి, ఆగి, తలుపు పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. ఫోన్ కూడా తీయలేదు.

కొంతసేపటికి ఆమె తలెత్తి అతన్ని చూసింది. చెయ్యి ఊపింది. మళ్ళీ తల వంచుకుని పేజీ తిప్పింది.